పులిరాజా చెప్పని సంగతి

శ్రీకాకుళం చరిత్ర రాసేవాళ్ళకి 1967-70 నాటి గిరిజన రైతాంగ పోరాటం ఉంది. విజయనగరం గురించి రాసేవాళ్ళకి కోట ఉంది, గురజాడ ఉన్నాడు, సంగీత కళాశాల ఉంది. ఈ రెండు జిల్లాల్లో మగవాళ్ళని కోరుకున్న మగవాళ్ళ చరిత్ర రాద్దామని కూచుంటే మాత్రం కాగితం ఆధారాలు దొరికేది ముఖ్యంగా రెండు చోట్ల. ఒకటి 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్. రెండోది ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమాల కాగితాలు. నేరంగానో, రోగంగానో తప్ప వాళ్ళు ప్రభుత్వం కంటికి ఆనలేదు. మన సాహిత్యం కంటికి ఆ మాత్రం కూడా ఆనలేదు.

సాహిత్య పరిశోధకురాలిగా నాకు ఆ రెండో రకం కాగితాల మీద ఆసక్తి కలిగింది. కరపత్రాలు, గోడ రాతలు, ఫ్లిప్‌చార్టులు, హోర్డింగులు - ఇవన్నీ ఒక రకం ప్రచార సాహిత్యమే. కథని చదివినట్టే వీటినీ చదవొచ్చు. ఎవరితో మాట్లాడుతున్నాయి, ఎవరిని చూడనట్టు నటిస్తున్నాయి, ఏ మాట దగ్గర గొంతు తగ్గిస్తున్నాయి అని అడగొచ్చు. ఆ కాగితాలు పట్టుకుని ఈ రెండు జిల్లాల్లో ఇరవై మూడు నుంచి అరవై ఎనిమిదేళ్ళ దాకా వయసున్న కొంతమంది పురుషులతో మాట్లాడాను. ఇది సర్వే కాదు, లెక్కలకి పనికిరాదు. పేర్లూ ఊళ్ళూ చెప్పను. చిన్న ఊళ్ళలో చేసే పని చెప్పినా మనిషిని పోల్చేస్తారు కాబట్టి అదీ చెప్పను. వాళ్ళని నేనడిగింది ఒక్కటే. హెచ్ఐవి మగవాళ్ళ మధ్య కూడా సోకుతుందనీ, సోకకుండా ఆపొచ్చనీ మీకు ఎప్పుడు, ఎవరి నోట, ఏ మాటల్లో తెలిసింది?

అరవై దాటిన ఒకాయన కండోమ్ మాట రాగానే నవ్వేశాడు. "నిరోధే కదమ్మా? అది పిల్లలు పుట్టకుండా వాడతారు. మాకేటి, పిల్లలు పుడతారేటి?" అన్నాడు. తన యవ్వనంలో అలా అనుకునేవాళ్ళమని చెప్పటం ఆయన ఉద్దేశం. అది అమాయకత్వం అనుకోను నేను. 1968లో ప్రభుత్వం నిరోధ్‌ని ఊరూరా పరిచయం చేసింది కుటుంబ నియంత్రణ కోసం. ఎర్ర త్రికోణం, భార్యాభర్తలు, ఇద్దరో ముగ్గురో పిల్లలు - ఆ బొమ్మలోనే అది జనానికి తెలిసింది. ఒక వస్తువుకి ఒక అర్థం ఇచ్చి ఇరవై ఏళ్ళు అదే అర్థాన్ని గోడలమీద రాశాక, ఇంకో అర్థం దానంతటదే పుట్టుకురాదు. భార్య దగ్గర దాంతో పని ఉండొచ్చు, మిత్రుడి దగ్గర ఏం పని? ఆయన తర్కంలో లోపం లేదు. ఆయనకి అందిన సమాచారంలో ఉంది.

మరి రోగాల గురించి ఏమనుకునేవారు? సెగ, సవాయి లాంటి మాటలు వాళ్ళకి తెలుసు. సుఖవ్యాధి అన్న మాటా తెలుసు. అవన్నీ ఆడవాళ్ళ దగ్గర్నుంచి వస్తాయని కూడా తెలుసు. "బజారు మనుషుల కాడికి ఎల్తే వస్తాయి, మేం ఎల్లం కదా" అన్నాడాయన. అంటే తాము మగవాళ్ళతో ఉండటమే తమకి రక్ష అని ఆ తరంలో చాలామంది నమ్మారు. నేను మాట్లాడిన పెద్దవాళ్ళలో ముగ్గురు వేర్వేరు ఊళ్ళలో దాదాపు ఇవే మాటలు అన్నారు.

ఈ నమ్మకం ఎక్కడిది? విజయనగరంలో కంటోన్మెంట్ అనే పేట ఇప్పటికీ ఉంది. తెల్లదొరల సైన్యం వదిలివెళ్ళిన పేరు. ఆ సైనికులకి సుఖవ్యాధులు రాకుండా 1868లో భారత అంటువ్యాధుల చట్టం తెచ్చారు. ఆ చట్టం ప్రకారం పేర్లు నమోదు చేసింది వేశ్యలవి, బలవంతంగా పరీక్షించింది వాళ్ళ శరీరాల్ని, రోగం ఉందని తేలితే లాక్ హాస్పిటల్ అనే చోట బంధించింది వాళ్ళని. సైనికుణ్ణి అలా పరీక్షించలేదు. ఇంగ్లండులో ఇలాంటి చట్టం మీద జోసెఫిన్ బట్లర్ లాంటి స్త్రీలు ఏళ్ళ తరబడి పోరాడారు. అక్కడ 1886లో, ఇక్కడ 1888లో ఆ చట్టాలు పోయాయి. కానీ దాని వెనకున్న ఊహ పోలేదు. రోగం ఆడదాని ఒంట్లో నివాసముంటుంది, మగవాడు అక్కడికి వెళ్ళి తెచ్చుకుంటాడు అన్నది ఆ ఊహ. దాని వల్ల స్త్రీలకి జరిగిన అన్యాయం గురించి ఇలాంటి పత్రికల్లో చాలా రాసుకున్నాం. మగవాళ్ళని కోరుకున్న మగవాళ్ళకి అది ఏం చేసిందో ఆలోచించలేదు. ప్రమాదమంతా స్త్రీలోనే ఉందని చెప్పటమంటే, పురుషుడు క్షేమం అని చెప్పటమే కదా.

1986లో మన దేశంలో హెచ్ఐవిని మొదట గుర్తించింది మద్రాసులో. డాక్టర్ సునీతి సోలొమన్, ఆమె విద్యార్థిని నిర్మల - ఇద్దరు స్త్రీలు - ఎంతో ధైర్యంగా చేసిన పని అది. వాళ్ళు పరీక్షించిన రక్తం మాత్రం సెక్స్ వర్కర్లది. పత్రికలకి అదొక్కటీ చాలింది. పాత కథలో కొత్త రోగం వచ్చి కూచుంది.

ఇక పులిరాజా దగ్గరికి వద్దాం. 2000ల తొలి ఏళ్ళలో ఆంధ్రదేశంలో పెరిగినవాళ్ళకి ఆయన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా అని హోర్డింగులు అడిగేవి. జవాబు వెంటనే చెప్పేవి కావు. ఊరంతా ఆ ప్రశ్న పట్టుకుని నవ్వుకుంది, బళ్ళో పిల్లలు ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకున్నారు, సినిమావాళ్ళు వాడుకున్నారు. అంతకు కొంచెం ముందు, 2002 చివర్లో ముంబైలో బల్బీర్ పాషా పేరుతో ఇదే తరహా ప్రచారం నడిచింది. అందులో అతను వెళ్ళే మంజుల అనే సెక్స్ వర్కర్ పాత్ర ఉంటే, రోగానికి స్త్రీని మూలంగా చూపిస్తున్నారని అక్కడి మహిళా సంఘాలు అభ్యంతరం చెప్పాయి. న్యాయమైన అభ్యంతరం. నేను ఇంకొకటి చేరుస్తాను. పులిరాజా, బల్బీర్ పాషా ఎంత తిరిగినా ఆడవాళ్ళ దగ్గరికే తిరిగారు. ఆ హోర్డింగు కింద బస్సుకోసం నిలబడ్డ మగవాళ్ళలో కొందరి ప్రియులు మగవాళ్ళే. పులిరాజాకి వస్తుందేమో గానీ మనకి రాదులే అని వాళ్ళు నిశ్చింతగా బస్సెక్కారు. ఇప్పుడు యాభైకి దగ్గరపడుతున్న ఒకతను నాతో అన్నాడు: "ఆ బోర్డు చూసినాక నాకు ధైర్యం వచ్చింది మేడమ్." ఎయిడ్స్ ప్రచారాన్ని గురించి ఇంతకంటే భయపెట్టే విమర్శ నేనెక్కడా చదవలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ పరిశోధకులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మగవాళ్ళతో సంబంధాలున్న 6,661 మంది మగవాళ్ళతో మాట్లాడారు. 2005లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం వాళ్ళలో పదిమందికి నలుగురు పెళ్ళైనవాళ్ళు. ఇది తెలిసిన రాష్ట్రంలో, 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళవాళ్ళలో 0.97 శాతానికి హెచ్ఐవి ఉందని తేల్చిన రాష్ట్రంలో, పెద్దక్షరాల్లో రాసిన ప్రచారానికి ఈ మగవాళ్ళు కనిపించలేదు. చిన్నక్షరాల్లో మాత్రం కనిపించారు. ఆ చిన్నక్షరాల పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రెండో తరానికి తెలిసిందంతా అక్కడే తెలిసింది.

2003లో గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో అవహాన్ కార్యక్రమం ఆరు రాష్ట్రాల్లో మొదలైంది. కోస్తా ఆంధ్రలో దాన్ని నడిపింది హిందుస్థాన్ లాటెక్స్ ఫ్యామిలీ ప్లానింగ్ ప్రమోషన్ ట్రస్టు. నిరోధ్ తయారుచేసిన కంపెనీ పెట్టిన ట్రస్టు! పేరులో ఇంకా కుటుంబ నియంత్రణే ఉంది, పని మాత్రం మారింది. రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కింద స్వచ్ఛంద సంస్థలు నడిపిన ప్రాజెక్టులు మరికొన్ని. వీటిలో పద్ధతి ఏమిటంటే, ఆ సమూహంలోని మనిషినే పీర్ ఎడ్యుకేటర్‌గా పెట్టుకుంటారు. అతను బస్టాండులో, రైల్వే స్టేషన్ దగ్గర, పార్కులో, సినిమాహాలు వెనక తనలాంటివాళ్ళని కలుస్తాడు. కండోములిస్తాడు, చెక్క బొమ్మ మీద తొడిగి చూపిస్తాడు, పరీక్షకి తోడు తీసుకెళ్తాడు. సాయంత్రాలు కూచోడానికి డ్రాప్-ఇన్ సెంటర్ అని ఒక గది. చాప, ఒక అద్దం, టీవీ. "ఆ అద్దం ముందు నేను మొదటిసారి బొట్టు పెట్టుకున్నాను" అని ఒకతను చెప్పాడు. అందరూ మొదట చెప్పింది ఆ గది గురించే, కండోమ్ గురించి కాదు.

ఈ తరం నేర్చుకున్నది కాగితం మీద లేని జ్ఞానం. ఉదాహరణకి కొబ్బరినూనె. లేటెక్స్ రబ్బరుకి నూనె తగిలితే కాసేపట్లోనే బలహీనపడి చిరిగిపోతుంది. వాజ్‌లీన్ అయినా అంతే. నీటితో చేసిన జెల్ అయితే ఫరవాలేదు. ఆడా మగా బొమ్మలున్న కరపత్రంలో ఈ ముక్క రాయాలని ఎవరికీ తట్టలేదు. ప్రతి ఇంట్లో కొబ్బరినూనె సీసా ఉన్న చోట, కండోమ్ వాడి కూడా రోగం తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారంటే ఆశ్చర్యమేముంది? దీన్ని ఒకరినించి ఒకరు నోటితోనే నేర్చుకున్నారు. మన అమ్మమ్మలు పురుటి సంగతులు నేర్చుకున్నట్టు అనిపించింది నాకు, వింటుంటే.

కొత్త మాటలు కూడా అక్కడే వచ్చాయి. కోతీ, పంతీ, డబుల్ డెక్కర్ అనే మాటలు దేశమంతా తిరిగి ఇక్కడికీ చేరాయి. ఆఫీసు కాగితాలకి ఎంఎస్ఎం. అంతకుముందు ఉన్నవి తిట్లు - ఆడంగి, పేడి, ఇంకా రాయలేనివి. పత్రికలకి స్వలింగ సంపర్కుడు. ఈ ఆఖరి మాట మీద నాకు పేచీ ఉంది. సంపర్కం అంటే తగలటం. అంటువ్యాధికీ అదే మాట వాడతాం. ప్రేమ, చెలిమి, కాపురం, అలక - ఇవేవీ ఆ మాటలో పట్టవు. పోనీ మన ప్రాంతానికి ఇది బొత్తిగా తెలియని సంగతా అంటే, కన్యాశుల్కంలో మహేశానికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకిచ్చి పెళ్ళి చేస్తే నూరేళ్ళకి పైగా హాయిగా నవ్వుకుంటున్నాం. తూర్పు భాగవతంలో సత్యభామ కట్టేది మగవాడే. వేషం ఉన్నంతసేపూ ఊరంతా మెచ్చుకుంటుంది. వేషం తీసి అలాగే నడిస్తే మాట మారిపోతుంది.

ప్రాజెక్టు తరానికి చావు కూడా బాగా తెలుసు. ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టి మందులు ఇవ్వటం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్ 1న, కొద్ది ఆసుపత్రుల్లో మాత్రమే. అప్పటి నియమాల ప్రకారం సిడి4 కణాలు బాగా పడిపోయినవాళ్ళకే మందు. అంటే మనిషి దాదాపు మంచం పట్టాక. ఇక్కడినుంచి విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికి బస్సులో తీసుకెళ్ళటం, తీసుకురావటం, కొన్నిసార్లు తీసుకురాకపోవటం... ఒక పాత పీర్ ఎడ్యుకేటర్ తను మోసినవాళ్ళ పేర్లు నాకు వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పాడు. రెండు చేతులూ చాలలేదు. "ఇంట్లోవోళ్ళు ముట్టుకోనేదమ్మా. మేమే నలుగురం ఎత్తినాం" అన్నాడు.

ఇదంతా 377 నీడలో. 2001 జులైలో లక్నోలో ఇలాంటి పనే చేస్తున్న కార్యకర్తల్ని పోలీసులు అరెస్టు చేసి నెలన్నరకి పైగా జైల్లో పెట్టారు. వాళ్ళ దగ్గర దొరికిన ఎయిడ్స్ నివారణ సామగ్రినే అశ్లీలం అన్నారు. ఆ వార్త ఇక్కడి కార్యకర్తలకీ చేరింది. సంచిలో కండోములుంటే పోలీసుకి అదే సాక్ష్యం. మీదపడి పట్టుకుంటే ఏం చెప్పాలో కూడా ఒకరికొకరు నేర్పుకున్నారు: "ఫ్యామిలీ ప్లానింగ్ వర్కర్నండీ." అలా నిరోధ్ పాత అర్థం వాళ్ళని కాపాడింది కూడా! నాజ్ ఫౌండేషన్ 2001లో ఢిల్లీ హైకోర్టులో వేసిన కేసులో, 2006లో ప్రభుత్వం రెండు నాలుకలతో మాట్లాడింది. హోంశాఖ 377 ఉండాలంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, ఈ సెక్షన్ వల్ల మనుషులు దాక్కుంటున్నారు, రోగ నివారణ సాగటం లేదు అని ప్రమాణపత్రం ఇచ్చింది. 2009 జులై 2న హైకోర్టు తీర్పు, 2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు దాన్ని కొట్టెయ్యటం, 2018 సెప్టెంబర్ 6న మళ్ళీ సరిదిద్దుకోవటం - ఇదంతా మనకి తెలిసిన చరిత్రే. 2024 జులై 1న కొత్త న్యాయ సంహిత వచ్చేసరికి ఆ సెక్షనే లేదు. స్త్రీ కాని మనిషి మీద జరిగే అత్యాచారానికి కూడా దాంతోపాటే చోటు లేకుండా పోయింది, అది వేరే వ్యాసం.

ప్రాజెక్టులకి ఒక లోపం ఉంది. వాటికి మనిషి లెక్కలోకి రావాలంటే కనిపించాలి. నడకలో, మాటలో తేడా ఉన్న కోతీ కనిపిస్తాడు. అతని దగ్గరికొచ్చే పంతీ - ఇంటికెళ్ళి భార్య పక్కన పడుకునే మామూలు మగవాడు - కనిపించడు. అతను తనకి ఏ పేరూ పెట్టుకోడు. ఇక్కడినుంచి వేలమంది పనులకోసం బయటికి పోతారు. మన తీర గ్రామాల జాలర్లు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్ళి పడవల్లో నెలల తరబడి ఉంటారు. 2018లో పాకిస్తాన్‌కి పట్టుబడ్డప్పుడుగానీ వాళ్ళు మనకి గుర్తు రాలేదు. వలస కూలీల కోసం వేసిన కరపత్రాలు నేను చదివినవన్నీ పట్నం ఆడవాళ్ళ గురించే హెచ్చరిస్తాయి. మగవాళ్ళు మగవాళ్ళతోనే నెలల తరబడి బతికే చోట ఇంకేదైనా జరగొచ్చన్న ఊహ వాటికి లేదు. మళ్ళీ అదే 1868.

అవహాన్ 2009 తర్వాత నెమ్మదిగా ప్రభుత్వానికి అప్పగింతలు మొదలుపెట్టి 2013కల్లా పక్కకి తప్పుకుంది. నాతో మాట్లాడినవాళ్ళు కూచున్న గదులు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. మూడో తరం అలాంటి గది చూడలేదు.

వాళ్ళకి ఫోన్ ఉంది. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడొకడు నాకు ప్రెప్ గురించి పది నిమిషాలు తడుముకోకుండా చెప్పాడు. హెచ్ఐవి లేనివాళ్ళు ముందుగానే వేసుకుంటే సోకకుండా ఆపే మాత్ర అనీ, అమెరికాలో 2012లో అనుమతించారనీ, ప్రమాదం జరిగాక డెబ్భై రెండు గంటల్లోపు మొదలుపెట్టే మందులు వేరే ఉన్నాయనీ. యు ఈక్వల్స్ యు కూడా తెలుసు. అంటే, మందులు క్రమంగా వాడి రక్తంలో వైరస్ పరీక్షకి అందనంత తగ్గిపోయినవాళ్ళ నుంచి లైంగికంగా సోకదు. పురుష జంటలమీదే చేసి 2019లో ప్రచురించిన పార్ట్‌నర్-2 అధ్యయనం ఇది తేల్చింది. ఇదంతా అతను ఇంగ్లీషులో చూశాడు, ఇంగ్లీషులోనే నాకు చెప్పాడు. నీ ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా, రహస్యంగా పరీక్ష చేసే ఐసిటిసి గది ఎక్కడుందో తెలుసా అనడిగాను. "అలాంటిదుంటదా అక్కా?" అన్నాడు. సోకిన కొత్తలో కొన్ని వారాలపాటు పరీక్షలో బయటపడకపోవచ్చన్న సంగతీ తెలియదు.

అదే ప్రశ్నలు ఆ పాత పీర్ ఎడ్యుకేటర్‌ని అడిగితే ఐసిటిసి గది నంబరు చెప్పాడు, కౌన్సెలర్ ఏ రోజు సెలవు పెడుతుందో కూడా చెప్పాడు. ప్రెప్ మాట వినలేదు. యు ఈక్వల్స్ యు గురించి నేను తెలుగులో వివరిస్తే ఒప్పుకోలేదు. "మాత్రేసుకుంటే అంటదా? ఎవులు సెప్పినారు? నేను నమ్మనమ్మా." ఎందుకు నమ్ముతాడు? పదేళ్ళు అతను ఊళ్ళు తిరిగి చెప్పింది దీనికి ఎదురు. అతని కళ్ళముందు మందులు మనుషుల్ని చివర్లో పలకరించాయి, ఆపలేదు. హెచ్ఐవి ఉందని తేలగానే, సిడి4తో నిమిత్తం లేకుండా మందు ఇవ్వాలన్న విధానం 2017లోగానీ రాలేదు. అతనికున్నది తప్పుడు జ్ఞానం కాదు, 2006 నాటి నిజం. ఆ తర్వాత వచ్చి చెప్పినవాళ్ళు లేరు.

ఈ రెండు తరాలకీ ఒకరంటే ఒకరికి పడదు. పాతవాళ్ళు ఊరికే భయపెడతారని కుర్రాళ్ళ విసుగు. కుర్రాళ్ళు శవాన్ని ఎత్తలేదు కాబట్టి వాళ్ళకి ఒంటిమీద భయం లేదని పెద్దవాళ్ళ కోపం. ఇద్దరూ ఒకే గదిలో కూచుంటే ఒకళ్ళకి తెలియంది ఇంకొకళ్ళు పూర్తిచేస్తారు. నేను ఒకసారి ఇద్దరిని కలపటానికి ప్రయత్నించాను. కుర్రాడు రాలేదు. బస్టాండు మనుషులతో కనిపిస్తే పరువు పోతుందన్నాడు. కులం, చదువు, ఇంగ్లీషు - ఇవి ఇక్కడ కూడా తమ పని తాము చేస్తున్నాయి.

ప్రభుత్వం దగ్గరున్న కొలబద్ద ఈ తేడాని పట్టుకోలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎయిడ్స్ గురించి సమగ్ర అవగాహనని కొలవటానికి అడిగే సంగతులు ఐదు: కండోమ్ వాడితే, రోగం లేని ఒకే భాగస్వామితో ఉంటే ప్రమాదం తగ్గుతుందా, ఆరోగ్యంగా కనిపించే మనిషికి హెచ్ఐవి ఉండొచ్చా, దోమకాటుతో వస్తుందా, కలిసి తింటే వస్తుందా. 2019-21లో దేశం మొత్తమ్మీద స్త్రీలలో 21.6 శాతం, పురుషులలో 30.7 శాతం మాత్రమే సరైన జవాబులిచ్చారు. మగవాళ్ళ మధ్య సోకుతుందా అన్న ప్రశ్న ఆ ఐదింటిలో లేదు. దోమ ఉంది.

హెచ్ఐవి మగవాళ్ళతో సంబంధాలున్న మగవాళ్ళలో దేశవ్యాప్తంగా 2010-11లో 4.43 శాతం, 2017లో 2.69, 2021లో 3.26. అదే 2021లో మొత్తం వయోజనుల్లో 0.21, ఆంధ్రప్రదేశ్‌లో 0.67. ఈశాన్య రాష్ట్రాలు మూడింటి తర్వాత దేశంలో మనమే. ఇక మందుల సంగతి. శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలో డాక్టర్ రెడ్డీస్ ఫ్యాక్టరీ ఉంది. కొంచెం కిందకి పోతే నక్కపల్లిలో హెటిరో ఫ్యాక్టరీ. ఆర్నెల్లకోసారి వేసుకుంటే హెచ్ఐవి సోకకుండా ఆపే లెనకాపవిర్ ఇంజక్షన్ తక్కువ ధరకి తయారుచెయ్యటానికి 2024 అక్టోబరులో గిలియడ్ సంస్థ ఆరు కంపెనీలకి అనుమతిస్తే, అందులో ఈ రెండూ ఉన్నాయి. 2027 నుంచి ఏడాదికి నలభై డాలర్లకి పేద దేశాలకి ఇస్తామని 2025 సెప్టెంబరులో ప్రకటించారు. ఆ మందు ఈ రెండు చోట్లే తయారవుతుందని నేననటం లేదు. ఫ్యాక్టరీ సైరన్ వినిపించే దూరంలో ఉండి కూడా ఆ మందు పేరు వినని మనిషితో మాట్లాడి వచ్చాను, అదీ నేను చెప్పేది.

ఇక ఈ చరిత్రలో భార్యలు. మూడు తరాల జ్ఞానమూ ఒకే చోట ఆగిపోయింది, ఇంటి గడప దగ్గర. నాతో మాట్లాడిన పెళ్ళైనవాళ్ళలో బయట జాగ్రత్తలు తీసుకునేవాళ్ళు కూడా ఇంట్లో కండోమ్ వాడలేమన్నారు. ఎందుకని? ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళైన స్త్రీలలో పదిమందికి దాదాపు ఏడుగురికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయి ఉంటుంది. కడుపు రాని భార్య దగ్గరికి నిరోధ్ తీసుకెళ్ళటమంటే ఒప్పుకోలు పత్రం తీసుకెళ్ళటమే. ఆమె అడిగినా అంతే, ఆమెనే అనుమానిస్తారు. ఆ పెద్దాయన నవ్వుతూ చెప్పిన పాత అర్థం ఇక్కడ ఇంకా బతికే ఉంది.

తల్లి నుంచి బిడ్డకి సోకకుండా ఆపే కార్యక్రమం 2002 నుంచి విస్తరించాక గర్భిణులకి పరీక్ష మామూలైంది. మంచి పనే. దాంతో చాలా ఇళ్ళలో మొదట బయటపడింది కోడలి రక్తం. ముందు ఎవరిది తెలిస్తే వాళ్ళే తెచ్చినట్టు. స్త్రీవాదులుగా మనం ఆ కోడలి పక్షాన నిలబడ్డాం, కథలు రాశాం, వ్యాసాలు రాశాం. కానీ ఆ రాతల్లో చాలావాటిలో భర్త వెళ్ళింది వేశ్య దగ్గరికే. ఒక స్త్రీ నిర్దోషి అని చెప్పటానికి ఇంకో స్త్రీని దోషిగా నిలబెట్టాం. పులిరాజాకి రాసిన కథే ఇల్లాలి వైపునించి రాశాం. ఇంకో మగవాడు మన ఊహకి కూడా అందలేదు. అతన్ని రాస్తే, భార్య దుఃఖమే కాదు, ఇష్టంలేని పెళ్ళిలోకి ఇద్దరినీ తోసిన కుటుంబాన్ని కూడా రాయాల్సి వచ్చేది. నాకు ప్రెప్ గురించి పాఠం చెప్పిన ఆ కుర్రాడికి ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. 377 పోయింది గదా అంటే, "మా నాన్నకి కోర్టుతో ఏం పని అక్కా" అన్నాడు.

2018లో అమల్లోకొచ్చిన హెచ్ఐవి చట్టం మనిషి రహస్యాన్ని కాపాడుతుంది. భాగస్వామికి ముప్పు ఉందనుకుంటే, కౌన్సెలింగు చేసినా అతను చెప్పనంటే, వైద్యుడో కౌన్సెలరో ఆమెకి చెప్పటానికి దారి కూడా ఉంచింది. హెచ్ఐవి ఉన్నది స్త్రీకైతే, ఆ సంగతి భర్తకి తెలిసి ఆమెకి హింస జరిగేలా ఉంటే చెప్పకూడదనీ అంది. మంచి చట్టం. కానీ ఏ మాటల్లో చెప్పాలన్నది చట్టంలో ఉండదు కదా.

హెచ్ఐవితో బతుకుతున్నవాళ్ళ సంఘం ద్వారా నాకు పరిచయమైన ఒకామెకి యాభై దాటాయి. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆయన పోయిన రోజున ఒక మనిషి వచ్చి వీధిలోనే నిలబడ్డాడట. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. చీకటిపడ్డాక వెళ్ళిపోయాడు. ఆయనెవరో తనకి పెళ్ళైన రెండో ఏటికే తెలుసంది. ఎవరూ చెప్పలేదు, తెలిసిందంతే. కోపం రాలేదా అంటే చాలాసేపు ఆలోచించి, "వొచ్చింది. మరేటి చేస్తాం" అంది. తన మందుల డబ్బా చూపించింది. పదిహేనేళ్ళుగా ఒక్క పూట తప్పలేదట. నేను లేచి బయల్దేరబోతుంటే గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి అడిగింది: "మీరు అందరితోటీ మాటాడతన్నారు కదమ్మా. ఆ మనిషి మందులు వాడతన్నాడో నేదో, ఏటైనా తెలిసిందేటి?"

ఆయనెవరో నాకు తెలియదు.